మరపడవకు పెట్రోలా, డీజిలా? – ఒక ఎంపిక చరిత్ర

ప్రస్తావన

పాపికొండల యాత్రకు లాంచీలో వెళ్ళినవారికి కాళ్ళ కింద డెక్కును అదిరించే ఇంజను మోత గుర్తుండే ఉంటుంది. పొలం గట్టున ఆయిలింజను నడుస్తుంటే వినిపించే మోతకు అది పెద్దన్న వంటిది. రెండూ డీజిలుతో నడిచేవే. మీరు రోజూ చూసే స్కూటర్లు, మోటారు సైకిళ్ళు మాత్రం పెట్రోలుతో నడుస్తాయి. బరువు లాగడానికి డీజిలు, తేలికగా తిరగడానికి పెట్రోలు అనే విభజన మనకు సహజంగానే తోస్తుంది. అయితే ఈ రెండు పనుల మధ్య ఇరుక్కున్న వాహనం ఒకటి ఉంది. సొంత పడవలో తీరం వెంట రోజుల తరబడి తిరుగుతూ, అందులోనే వండుకుని, అందులోనే నిద్రపోయే అలవాటు అమెరికా, యూరపు దేశాల్లో నూరేళ్ళకు పైగా ఉంది. అటువంటి పడవను ఈ పాఠంలో విహార మరపడవ అందాం. దానికి ఏ ఇంజను బిగించాలి అన్న ప్రశ్నకు ఒక్కో తరం ఒక్కో జవాబు చెప్పింది.

సాంకేతిక చరిత్ర పుస్తకాల్లో “మెరుగైన యంత్రం నిలిచింది, తక్కువది పోయింది” అనే ధోరణి మీకు తరచు ఎదురవుతుంది. ఈ పాఠం చదివేటప్పుడు ఆ ధోరణిని అనుమానంతో చూడండి. ఇక్కడ ఇంజను మంచిచెడ్డల కంటే మూడు బయటి విషయాలు ఎక్కువ పని చేశాయి. ఇంజను తయారీ ఖర్చును ముందుగా ఎవరు భరించారు? కొన్నవారు దాన్ని ఏడాదికి ఎన్ని గంటలు నడిపారు? పడవ అడుగున చేరే ఆవిరి గురించి ఎంత భయపడ్డారు?

ఆవిరి యంత్రానికి ప్రత్యామ్నాయం

19వ శతాబ్దం చివర చిన్న పడవకు యంత్రం అంటే ఆవిరి యంత్రమే. బాయిలరు పేలితే ప్రాణాలు పోతాయి కాబట్టి, ఆవిరి పడవ నడపాలంటే లైసెన్సు ఉన్న ఇంజనీరు ఉండాలని అమెరికా చట్టం నిర్దేశించింది. ధనికులకు ఇబ్బంది లేదు. మధ్యతరగతివారు సెలవు రోజున సరస్సు మీద తిరగడానికి ఇంజనీరును జీతానికి పెట్టుకోలేరు. 1880ల్లో దీనికి ఒక వింత ఉపాయం కనుక్కున్నారు. నీటికి బదులు నాఫ్తాను మరిగించి, ఆ ఆవిరితో యంత్రం నడపడం! అది నీటి ఆవిరి కాదు కనుక చట్టం వర్తించదు. పేలుడు భయంతో చేసిన చట్టం నుండి తప్పించుకోవడానికి, నీటికంటే ఎన్నో రెట్లు సులభంగా అంటుకునే ద్రవాన్ని పొయ్యి మీద పెట్టారన్నమాట. నాఫ్తా లాంచీలు చాలా అమ్ముడుపోయాయి కూడా.

అదే కాలంలో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ తమ పెట్రోలు ఇంజనును 1886లో ఒక చిన్న పడవకు అమర్చి నెకార్ నదిపై నడిపించారు. పెట్రోలు పేరు వింటేనే జనం జంకే రోజులవి. అందుకని డైమ్లర్ పడవ చుట్టూ తీగలు, పింగాణీ బుడిపెలు అమర్చి, అది విద్యుత్తుతో నడుస్తోందని జనం అనుకునేలా చేశాడని చెబుతారు. నీటి మీద పెట్రోలు అంటే భయం మొదటి రోజు నుండే ఉందని గమనించండి. ఆ భయం ఉత్త అపోహ కాదని తరువాత చూస్తారు.

రెండు ఇంజన్లు, రెండు స్వభావాలు

ఇక్కడ కొంచెం ఆగి ఈ రెండు ఇంజన్ల తేడా తెలుసుకోవాలి. మిగతా కథంతా దీని మీదే ఆధారపడి ఉంది. సంప్రదాయ పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు ఆవిరి ముందుగానే కలిసి సిలిండరులోకి వెళతాయి. స్పార్కు ప్లగ్గు ఇచ్చే నిప్పురవ్వ ఆ మిశ్రమాన్ని అంటిస్తుంది. డీజిలు ఇంజనులోకి గాలి ఒక్కటే వెళుతుంది. దాన్ని సుమారు 16 నుండి 20 రెట్లు కుదిస్తే విపరీతంగా వేడెక్కుతుంది. అప్పుడు చిమ్మిన నూనె ఏ నిప్పురవ్వా లేకుండా తనంతట తానే మండుతుంది. సైకిలు టైరుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మీరు గమనించే ఉంటారు. సూత్రం అదే.

అంతటి ఒత్తిడిని తట్టుకోవాలంటే దళసరి ఇనుము కావాలి. డీజిలు ఇంజను బరువుకు, ధరకు, మోతకు మూలం ఇక్కడే ఉంది. దాని పొదుపుకు మూలం కూడా ఇదే. 1897 ఫిబ్రవరిలో ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ ఇంజనును పరీక్షించినప్పుడు, ఇంధనంలోని శక్తిలో దాదాపు 26 శాతం పనిగా మారింది. ఆనాటి ఆవిరి యంత్రాల్లో అధికభాగం దానిలో సగాన్ని కూడా అందుకోలేదు.

ఈ ఇంజనును మొదట అక్కున చేర్చుకున్నది సరుకు రవాణా. 1903లో నోబెల్ సోదరుల సంస్థ వోల్గా నది మీద వాండాల్ అనే చమురు నౌకను డీజిలు ఇంజన్లతో నడిపింది. ఆ ఇంజన్లు వెనక్కి తిరగలేవు. అందుకని వాటితో విద్యుత్తు పుట్టించి, ఆ విద్యుత్తుతో పంకాలు తిప్పారు. అదే ఏడాది ఫ్రాన్సులో పెటీ పియేర్ అనే కాలువ పడవ వచ్చింది. 1912లో కోపెన్‌హాగెన్‌లో తయారైన సెలాండియా, పొగగొట్టం లేకుండానే బ్యాంకాక్ దాకా వెళ్ళి వచ్చి ఓడల యజమానులను ఆశ్చర్యపరచింది. ఆ మరుసటి ఏడాది, 1913 సెప్టెంబరులో, రుడాల్ఫ్ డీజిల్ ఇంగ్లండుకు వెళ్తున్న ఓడ మీది నుండి రాత్రివేళ అదృశ్యమయ్యాడు. అది ఆవిరి ఓడ.

మరి చిన్న పడవల్లోకి డీజిలు ఎందుకు రాలేదు? ఆనాటి డీజిలు ఇంజనులో నూనెను సిలిండరులోకి చిమ్మడానికి బాగా ఒత్తిడి పెట్టిన గాలి కావాలి. ఆ గాలి కోసం ఒక కంప్రెసరు, సిలిండర్లు, గొట్టాలు కావాలి. ముప్పై అడుగుల పడవలో వాటిని పెడితే మనుషులకు చోటుండదు. గాలి అవసరం లేకుండా నూనెనే నేరుగా చిమ్మే పంపును రాబర్ట్ బాష్ సంస్థ 1927లో పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాకే చిన్న డీజిలు ఇంజను సాధ్యమైంది.

పెట్రోలు ఏలిన కాలం

ఈలోగా అమెరికా విహార పడవలను పెట్రోలు పూర్తిగా ఆక్రమించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల కోసం లిబర్టీ అనే పన్నెండు సిలిండర్ల, 400 అశ్వశక్తి గల పెట్రోలు ఇంజన్లను ఇరవై వేలకు పైగా తయారుచేశారు. యుద్ధం ముగియగానే అవి కారుచౌకగా అమ్మకానికి వచ్చాయి. పందెపు పడవల వీరుడు గార్ వుడ్ వాటిని పెద్ద సంఖ్యలో కొని పడవలకు అనువుగా మార్చాడు. మద్యనిషేధ కాలంలో దొంగసారా రవాణా చేసినవారూ వాటిని వాడుకున్నారు. మరోవైపు మిషిగన్ రాష్ట్రంలోని క్రిస్-క్రాఫ్ట్ వంటి సంస్థలు, కార్ల పద్ధతిలో ఒకే నమూనా పడవలను వరుసగా తయారుచేసి మధ్యతరగతికి అమ్మాయి. కార్ల కర్మాగారాలు లక్షల్లో చేస్తున్న పెట్రోలు ఇంజను చౌకగా దొరుకుతుంటే డీజిలు వైపు చూసేదెవరు?

చూసినవాడు ఒకడున్నాడు. జనరల్ మోటార్స్ పరిశోధన విభాగాధిపతి చార్ల్స్ కెటరింగ్ 1920ల చివర, తన భార్య పేరు మీద ఆలివ్ కె అనే విహార నౌకను సమకూర్చుకున్నాడు. అందులో వింటన్ సంస్థ చేసిన డీజిలు ఇంజను ఉండేది. విహారానికి వెళ్ళిన కెటరింగ్ ఎక్కువ సమయం ఇంజను గదిలోనే గడిపేవాడట. ఈ ఇంజను ఇంత బరువు ఎందుకుండాలి అన్న ప్రశ్న ఆయన్ను వదలలేదు. 1930లో జనరల్ మోటార్స్ ఆ వింటన్ సంస్థనే కొనేసింది. అక్కడి పరిశోధనల ఫలితం 1934లో బర్లింగ్టన్ జెఫిర్ అనే రైలును లాగింది. 1938లో 71 శ్రేణి అనే చిన్న డీజిలు ఇంజనుగా బయటికి వచ్చింది. ఒక్కో సిలిండరు ఘనపరిమాణం 71 ఘనపు అంగుళాలు కాబట్టి ఆ పేరు. ఆరు సిలిండర్లున్నది 6-71. ఈ పేరు గుర్తుంచుకోండి.

పడవ అడుగున చేరే ఆవిరి

పెట్రోలు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకోగల ఆవిరిని వదులుతుంది. డీజిలుకు ఆ స్థితి రావాలంటే సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దాటాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. కారులో పెట్రోలు కారితే ఆవిరి రోడ్డు మీదికి దిగి గాలిలో కలిసిపోతుంది. పడవ అలా కాదు. అది అడుగు మూసి ఉన్న గిన్నె. కారిన ఆవిరి అడుగున ఉండే గుంటలో, అంటే బిల్జ్‌లో, నీళ్ళలా పేరుకుంటుంది. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్ళ ఆవిరి చేరితే చాలు, స్టార్టరు మోటారు చిన్న రవ్వ విసిరినా పడవ పేలిపోతుంది. విహార మరపడవలో వంటపొయ్యి, నిద్రించే పిల్లలు, ఇంజను – అన్నీ ఒకే గిన్నెలో ఉంటాయి.

ఇటువంటి ప్రమాదాల నేపథ్యంలో అమెరికా 1940 ఏప్రిల్‌లో మోటారు పడవల చట్టం చేసింది. పెట్రోలు ఇంజను కార్బురేటరుకు మంటను అడ్డుకునే జాలీ ఉండాలి, బిల్జ్‌కు గాలి గొట్టాలు ఉండాలి, మంటలార్పే సాధనం ఉండాలి అన్నది. అప్పటికి గాలి తనంతట తానే ఆడితే చాలనుకున్నారు. విద్యుత్ ఫ్యానుతో ఆవిరిని బయటికి తోడెయ్యాలన్న నిబంధన 1980లో గాని రాలేదు. ఇంజను వేసే ముందు నాలుగు నిమిషాలు ఫ్యాను నడపండి అనే హెచ్చరిక పలక నాటినుండి అమెరికా పెట్రోలు పడవల్లో కనిపిస్తుంది. ఆ నాలుగు నిమిషాల వెనుక ఎంత చరిత్ర ఉందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: కారులో అంతగా ప్రమాదం కాని పెట్రోలు ఆవిరి పడవలో ఎందుకు ప్రమాదకరం? మీ సొంత మాటల్లో ఐదు వాక్యాలు రాయండి.

యుద్ధం ఇచ్చిన తీర్పు

రెండవ ప్రపంచ యుద్ధం ఈ రెండు ఇంజన్లను ఎదురెదురుగా నిలబెట్టింది. జర్మన్ నౌకాదళం 1930లో తన మొదటి టార్పెడో పడవలకు పెట్రోలు ఇంజన్లే వాడింది. కానీ కొద్ది ఏళ్ళలోనే డీజిలుకు మారింది. తేలికపాటి డీజిలు ఇంజను కోసం ప్రభుత్వం ఖర్చు పెట్టింది. డైమ్లర్-బెంజ్ సంస్థ 2,000 అశ్వశక్తి గల ఇరవై సిలిండర్ల ఇంజనును తయారుచేసింది. బ్రిటిష్ వారికి పెట్రోలు ప్రమాదం తెలియక కాదు. వారి దగ్గర అంత తేలికైన డీజిలు ఇంజను లేదు. మొదట ఇటలీ నుండి పెట్రోలు ఇంజన్లు తెప్పించుకున్నారు. 1940లో ఇటలీయే శత్రుపక్షంలో చేరడంతో అమెరికన్ ప్యాకార్డ్ పెట్రోలు ఇంజన్ల మీద ఆధారపడ్డారు.

అమెరికా పి.టి. పడవలకూ అవే ప్యాకార్డ్ ఇంజన్లు, ఒక్కో పడవకు మూడు. ఎనభై అడుగుల చెక్క పడవలో 3,000 గాలన్లు, అంటే 11,000 లీటర్లకు పైగా, విమానాలకు వాడే పెట్రోలు ఉండేది. 1943 ఆగస్టు 2 తెల్లవారుజామున సాలమన్ దీవుల దగ్గర జపాన్ యుద్ధనౌక అమగిరి ఢీకొని పి.టి.-109 రెండు ముక్కలైంది. చిందిన పెట్రోలు సముద్రం మీదే మండింది. పదమూడు మందిలో ఇద్దరు చనిపోయారు. ఇంజను గదిలో ఉన్న పాట్రిక్ మెక్‌మాన్ తీవ్రంగా కాలిపోయాడు. ఆ పడవ అధికారి అతని లైఫ్ జాకెట్ పట్టీని పళ్ళతో కరిచి పట్టుకుని, ఈదుకుంటూ దీవికి చేర్చాడు. ఆ అధికారి తరువాత అమెరికా అధ్యక్షుడైన జాన్ ఎఫ్. కెనెడీ. అందరూ కెనెడీ సాహసాన్నే చెబుతారు. ఇంజన్ల చరిత్ర చదివే మీరు ఆ మండిన సముద్రాన్ని కూడా చూడాలి.

అయితే విహార పడవల భవిష్యత్తును మార్చినవి ఈ వేగపు పడవలు కావు, సైనికులను ఒడ్డున దించే మొద్దు పడవలు. న్యూ ఆర్లియన్స్‌కు చెందిన ఆండ్రూ హిగిన్స్ రూపొందించిన ఆ పడవలను ఇరవై వేలకు పైగా తయారుచేశారు. వాటిలో అత్యధికంగా వాడింది పైన గుర్తుంచుకోమన్న 6-71 ఇంజనునే. గ్రే మెరైన్ సంస్థ దాన్ని పడవలకు అనువుగా మార్చి 225 అశ్వశక్తితో అందించింది. యుద్ధం ముగిసేసరికి మార్కెట్లో మిగులు ఇంజన్లు ఉన్నాయి, విడిభాగాలు ఉన్నాయి, వాటిని విప్పి బిగించడం నేర్చుకుని ఇంటికి వచ్చిన యువకులు ఉన్నారు. మొదటి యుద్ధం పెట్రోలుకు చేసిన మేలునే రెండవ యుద్ధం డీజిలుకు చేసింది. రెండుసార్లూ ఖర్చు భరించింది ప్రభుత్వ ఖజానా. నా దృష్టిలో ఈ చరిత్రలో అతి ముఖ్యమైన అంశం ఇదే.

గంటల లెక్క

ఇంత జరిగినా 1950లు, 60ల్లో అమెరికా విహార పడవల్లో అధికభాగం పెట్రోలుతోనే నడిచాయి. దీన్ని తెలివితక్కువ అనుకుంటే పొరపాటు. ఒక లెక్క చూద్దాం. అంకెలు మన సౌకర్యం కోసం అనుకున్నవే గాని, నిష్పత్తి వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. నెమ్మదిగా సాగే ఒక పడవకు 60 అశ్వశక్తి కావాలనుకోండి. పెట్రోలు ఇంజను గంటకు 22 లీటర్లు తాగితే డీజిలు ఇంజను 13 లీటర్లు తాగుతుంది. గంటకు 9 లీటర్ల ఆదా. డీజిలు ఇంజను ధరలోని తేడా 9,000 లీటర్ల ఇంధనం ఖరీదుకు సమానం అనుకుందాం. రెండు ఇంధనాల ధర ఒకటే అనుకుందాం. ఏడాదికి 1,000 గంటలు తిరిగే చేపల పడవకు ఆ తేడా ఒక్క ఏడాదిలో తిరిగి వస్తుంది. ఏడాదికి 100 గంటలు తిరిగే సెలవురోజుల పడవకు పదేళ్ళు పడుతుంది. ఆలోగా యజమాని పడవను అమ్మేసి ఉంటాడు!

అంటే డబ్బు లెక్కలో వారాంతపు విహారికి పెట్రోలే సరైనది. పైగా తేలిక, వేగంగా నీటిపై జారే పడవకు బరువు శత్రువు. 1959లో వోల్వో పెంటా సంస్థ ఆక్వామాటిక్ అనే అమరికను తెచ్చింది. పెట్రోలు ఇంజను పడవ లోపల వెనుక గోడను ఆనుకుని ఉంటుంది, పంకా భాగం గోడ బయట ఉంటుంది. పడవ మధ్యభాగం మనుషులకు మిగిలింది. కుటుంబాలు ఎగబడి కొన్నాయి.

దూరం వెళ్ళేవారి లెక్క వేరు. పై పడవలోనే 1,000 లీటర్ల ట్యాంకు ఉందనుకోండి. గంటకు 8 నాటికల్ మైళ్ళ వేగంతో పెట్రోలు మీద సుమారు 360 మైళ్ళు వెళ్ళవచ్చు, డీజిలు మీద 600 దాటుతుంది. రేవుకూ రేవుకూ మధ్య 500 మైళ్ళున్నప్పుడు ఇది పొదుపు ప్రశ్న కాదు. అమెరికా నౌకాదళంలో పనిచేసిన రాబర్ట్ బీబీ ఈ సంగతిని సముద్రం మీదే చూపించాడు. సింగపూర్‌లో కట్టించుకున్న యాభై అడుగుల పాసేజ్‌మేకర్‌లో, ఒకే ఒక్క చిన్న డీజిలు ఇంజనుతో, 1963లో హిందూ మహాసముద్రం దాటి మధ్యధరా సముద్రం చేరాడు. అదే దశాబ్దంలో హాంకాంగ్‌లోని అమెరికన్ మెరైన్ సంస్థ చేపల పడవల రూపంలో గ్రాండ్ బ్యాంక్స్ అనే నెమ్మది పడవలను తెచ్చింది. వాటిలో ఎక్కువగా కనిపించే లేమన్ ఇంజను, నిజానికి బ్రిటన్‌లో ఫోర్డ్ సంస్థ లారీల కోసం చేసిన 120 అశ్వశక్తి డీజిలు ఇంజనే. ఈసారి ఖర్చు భరించింది లారీల పరిశ్రమ.

1973 చమురు సంక్షోభం ఈ పడవలకు గిరాకీ పెంచింది. 1972లో అమెరికాలో గాలను పెట్రోలు 36 సెంట్లు. 1980 నాటికి డాలరు దాటింది. పైన వేసిన లెక్కలో ఆదా అయ్యే లీటర్లు మారలేదు, వాటి విలువ మారింది. అయినా వంద గంటల విహారికి లాభం వెంటనే కనిపించలేదు. డీజిలు కొన్న చాలామంది లెక్క కంటే బిల్జ్‌ను తలచుకునే కొన్నారని అనుకోవచ్చు.

కనిపించని పొగ

మంట ఒక్కటే ప్రమాదం కాదు. పెట్రోలు ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు డీజిలు పొగలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దానికి రంగు లేదు, వాసన లేదు. 2000 ఆగస్టులో అమెరికాలోని లేక్ పావెల్ జలాశయంలో, ఇంటిపడవ వెనుక భాగం కింద ఈదుతున్న 11, 8 ఏళ్ళ అన్నదమ్ములిద్దరు చనిపోయారు. పడవలో విద్యుత్తు కోసం నడిచే పెట్రోలు జనరేటరు పొగ ఆ ఖాళీలోనే పేరుకుంది. ప్రభుత్వ పరిశోధకులు పాత రికార్డులు తిరగేస్తే, మునిగి చనిపోయారనుకున్న మరణాల్లో కొన్ని ఈ విషవాయువు వల్లనే సంభవించాయని తేలింది. మృతదేహం నీటిలో దొరికితే మునక అనే రాస్తారు. రక్తపరీక్ష ఎవరు చేయిస్తారు?

డీజిలుకూ రోగాలున్నాయి. ట్యాంకులో నీరు చేరితే సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టర్లు మూసుకుపోతాయి. ఎప్పుడూ తక్కువ భారంతో నడిపితే సిలిండరు గోడలు నున్నబడి నూనె తాగడం మొదలుపెడుతుంది. అటు పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలపడం అమెరికాలో విస్తరించాక, పాత పడవల్లోని ఫైబర్ గ్లాసు ట్యాంకులు కొన్ని లోపలినుండి కరగడం మొదలైంది. గాలి శుభ్రత కోసం రోడ్డు మీద చేసిన మార్పు నీటి మీద ఇలా తేలింది.

ఇంజను బయటికి వెళ్ళింది

గత ఇరవై ఏళ్ళలో కథ మళ్ళీ మలుపు తిరిగింది. పడవ వెనుక బయట వేలాడే పెట్రోలు ఇంజన్లు, అంటే అవుట్‌బోర్డులు, ఊహించనంత పెద్దవయ్యాయి. 2021లో మెర్క్యురీ సంస్థ పన్నెండు సిలిండర్ల, 600 అశ్వశక్తి గల అవుట్‌బోర్డును తెచ్చింది. ఒకప్పుడు జత డీజిలు ఇంజన్లు తప్పనిసరి అనుకున్న పడవలు ఇప్పుడు వెనుక మూడు, నాలుగు పెట్రోలు ఇంజన్లు తగిలించుకుని తిరుగుతున్నాయి. ఇంజను గిన్నెలో నుండి బయటికి వెళ్ళింది కనుక, దానినుండి కారే ఆవిరి బయటి గాలిలో కలుస్తుంది. ట్యాంకు మాత్రం ఇంకా లోపలే ఉంది. నెమ్మదిగా వేల మైళ్ళు వెళ్ళే పడవల్లో డీజిలు స్థానం చెక్కుచెదరలేదు. పంపులను ఇప్పుడు కంప్యూటరు నియంత్రిస్తోంది, అంతే తేడా.

మాదిరి ప్రశ్న

ఒక కుటుంబం ఏడాదికి 80 గంటలు పడవలో తిరుగుతుంది. ఆ రాత్రులు ఇద్దరు పిల్లలు పడవలోనే నిద్రపోతారు. రేవుల మధ్య దూరం 40 మైళ్ళకు మించదు. గంటల లెక్కను, ఆవిరి ప్రమాదాన్ని విడివిడిగా పరిశీలించి, 1955లో ఒక సలహాను, నేడు ఒక సలహాను మీరు ఎలా ఇస్తారో రాయండి. రెండు సలహాలూ ఒకటే అయితే ఎందుకో కూడా రాయండి.